గట్టిది ఏది?

పిల్లలూ! మీ తాతగారినో, నాయనమ్మనో ఒకసారి అడిగి చూడండి, "మీరు బడికి వెళ్ళే రోజుల్లో దేనిమీద రాసేవారు?" అని. "పలకమీద" అంటారు. ఆ పలక ఒక పలుచని నల్లరాయి. మన మార్కాపురం ప్రాంతపు గనులలో తవ్వి తీసిన రాతితో చేసిన పలకలు ఎన్నో బడులకు వెళ్ళాయి. రాతికి నాలుగువైపులా నాలుగు కర్రబద్దలు బిగించి ఉండేవి. ఆ బద్దల బిగింపునే చట్రం అంటారు.

చట్రం ఉన్న పలక చిన్న చిన్న దెబ్బలకు తట్టుకునేది. చట్రం ఊడిపోయిన పలక మూలమీద పడిందంటే రెండు ముక్కలే! ఆ రోజు ఇంటికి వెళ్ళడానికి కాళ్ళు వచ్చేవి కావు.

ఈ రోజుల్లో మీ ఇంట్లో కూడా ఒక పలక ఉన్నది. అది స్మార్ట్‌ఫోను. చూడటానికి అచ్చం పలకలాగే ఉంటుంది. మధ్య రాతికి బదులు గాజు, చుట్టూ కర్రకు బదులు మరొక చట్రం. అయితే రాతిపలక పగిలితే కొద్ది డబ్బులతో కొత్తది వచ్చేది. ఈ పలక పగిలిందంటే అమ్మా నాన్నా నెల జీతం లెక్క మళ్ళీ మొదటినుంచి వేసుకోవలసి వస్తుంది. పైగా మీ పాఠాలు, అమ్మ లెక్కలు, ఊళ్ళో ఉన్న తాతగారి ఫొటోలు అన్నీ అందులోనే ఉంటాయి.

అందుకే ఫోను కొనబోయేటప్పుడు పెద్దవాళ్ళు, "గట్టిది ఏది?" అని అడుగుతారు. దుకాణదారు ఒక ఫోను చూపి, "ఇది ప్లాస్టిక్ చట్రం" అంటాడు. మరొకటి చూపి, "ఇది అల్యూమినియం" అంటాడు. ఇంకా ఖరీదైనది తీసి, "ఇది టైటానియం! దీనిని మించింది లేదు" అంటాడు. నిజమేనా? అది తేల్చాలంటే ముందు మనం ఇంకొక ప్రశ్న వేసుకోవాలి. అసలు గట్టి అంటే ఏమిటి?

గట్టి అనే మాటకు మూడు అర్థాలు

గాజుగ్లాసును స్టీలు చెంచాతో గీస్తే గీత పడదు. గాజు గట్టిదేగదా! కాని అదే గ్లాసు చెయ్యిజారి గచ్చుమీద పడితే ముక్కలు ముక్కలవుతుంది. రబ్బరు చెప్పును మేడమీదినుంచి విసిరినా పగలదు. అదీ గట్టిదే. కాని దానిని రెండు చేతులతో ఇట్టే వంచవచ్చు. ఇనుప ఊచను మీరు ఎంత బలంగా పట్టి వంచినా వంగదు. అదీ గట్టిదే. కాని దానిమీద నీళ్ళు పడితే తుప్పు పడుతుంది.

చూశారా? గీత పడకపోవటం ఒక గట్టిదనం. వంగకపోవటం ఇంకొకటి. దెబ్బ తగిలినా పగలకపోవటం వేరొకటి. వీటిలో ఒకటి ఉన్నంతమాత్రాన మిగిలినవి ఉంటాయనుకోరాదు. ఫోను చట్రానికి కావలసినవి ముఖ్యంగా రెండు. ఫోనును వంగనివ్వకూడదు. పడినప్పుడు దెబ్బను తాను పుచ్చుకోవాలి. ఈ రెండు పనులకూ ఒకదానితో ఒకదానికి పొత్తు కుదరదు. చిక్కంతా అక్కడే ఉన్నది.

అప్పడంతో ఒక పరీక్ష

వంగితే ఏమవుతుందో మీరే పరీక్ష చేసి చూడవచ్చు. అమ్మను అడిగి రెండు వేయించిన అప్పడాలు తీసుకోండి. ఒకదానిని చెక్క పీటమీద పెట్టి, పైన ఒక పుస్తకం మెల్లగా ఆనించండి. అప్పడం అక్కడక్కడ చిట్లవచ్చు గాని, దాదాపుగా నిలుస్తుంది. రెండవదానిని ఒక పలుచని అట్టమీద పెట్టి, అప్పడం అట్టకు అంటుకుని ఉండేటట్టు అంచులను పట్టుకొని అట్టను కొంచెం వంచండి. "టప్" మని విరుగుతుంది. పరీక్ష అయిపోయిన తరువాత రెండు అప్పడాలనూ ఏం చేయాలో మీకు చెప్పనక్కరలేదు!

గాజు కూడా అప్పడంవంటిదే. నొక్కితే ఓర్చుకుంటుంది. సాగదీస్తే ఓర్చుకోలేదు. పలకను వంచినప్పుడు దాని ఒక ముఖం నొక్కుకుంటుంది, రెండవ ముఖం సాగుతుంది. ఆ సాగే ముఖంమీద కంటికి కనిపించనంత చిన్న గాటు ఒకటి ఉన్నా చాలు, అది అక్కడినుంచి పరుగెత్తి అద్దాన్ని చీల్చుతుంది.

ఫోను లోపల ఇంకా సున్నితమైనవి ఉన్నాయి. బోర్డుమీద చిన్న చిన్న చిప్పులు టంకంతో అతికి ఉంటాయి. ఫోను మాటిమాటికీ కొద్దికొద్దిగా వంగుతూ ఉంటే, పైకి ఏమీ కనబడకపోయినా ఆ అతుకులు తెగవచ్చు. అందుచేత చట్రానికి మొదటి పని ఫోనును వంగకుండా పట్టి ఉంచటం. అది లోపలివాటికి పీట అన్నమాట.

2014లో వంగిన ఫోన్లు

ఈ సంగతి ప్రపంచానికంతటికీ ఒక్కసారిగా తెలియవచ్చింది. 2014 సెప్టెంబరులో ఆపిల్ కంపెనీవారు ఐఫోన్ 6, ఐఫోన్ 6 ప్లస్ అనే రెండు ఫోన్లు విడుదల చేశారు. రెండింటికీ చట్రం అల్యూమినియమే. అంతకుముందు వచ్చిన ఐఫోన్ 5ఎస్ మందం 7.6 మిల్లీమీటర్లు. కొత్త ఐఫోన్ 6 మందం 6.9 మిల్లీమీటర్లు మాత్రమే. అందరూ "ఎంత పలుచగా ఉన్నదో!" అని ముచ్చటపడ్డారు. కొద్దిరోజులకే కొందరు, "జేబులో పెట్టుకుని కూర్చుంటే ఫోను వంగిపోయింది!" అని గగ్గోలుపెట్టారు.

మందం తగ్గింది ఒక మిల్లీమీటరు కూడా కాదు. అంతమాత్రానికే వంగుతుందా? మీ స్కేలుబద్దను అడగండి, చెబుతుంది. ప్లాస్టిక్ స్కేలును బల్ల అంచున వెల్లకిలా పెట్టి కొసను నొక్కితే సులువుగా వంగుతుంది. అదే స్కేలును నిలువు అంచుమీద నిలబెట్టి నొక్కండి. వంగనే వంగదు! ప్లాస్టిక్ మారలేదు. నొక్కే దిక్కున మందం మారింది, అంతే. ఒక పలక మందాన్ని సగం చేస్తే దాని బిగువు సగం కాదు, ఎనిమిదో వంతు అవుతుంది. ఈ లెక్కన 7.6 మిల్లీమీటర్ల పలకను 6.9 మిల్లీమీటర్లకు పలుచన చేస్తే, మిగతావన్నీ అలాగే ఉన్నా, దాని బిగువులో నాలుగో వంతు పోతుంది. ఐఫోన్ 6 పలుచన కావటమేగాక పొడవు కూడా అయింది. పొడుగు కర్ర పొట్టి కర్రకన్న సులువుగా వంగుతుందని మీకు తెలుసుగదా!

ఇంకొక సంగతి. ఫోన్లు ఎక్కడపడితే అక్కడ వంగలేదు. శబ్దం పెంచే, తగ్గించే మీటల దగ్గర వంగాయి. మీటలు పెట్టడానికి చట్రంలో కంతలు చేయాలి. కంత ఉన్నచోట లోహం తక్కువ. ఒక కాగితానికి అంచున చిన్న గాటుపెట్టి లాగితే అది సరిగ్గా ఆ గాటు దగ్గరే చిరుగుతుంది. చట్రమూ అంతే.

అప్పుడు కన్స్యూమర్ రిపోర్ట్స్ అనే అమెరికా పత్రికవారు ఫోన్లను యంత్రంలో పెట్టి పరీక్ష చేశారు. రెండు కొసలకూ ఊత ఇచ్చి నడుమ నొక్కారు. ఐఫోన్ 6 దాదాపు 32 కిలోల బరువుకు వంపు తిరిగింది. ఐఫోన్ 6 ప్లస్ 41 కిలోల దాకా తట్టుకున్నది. వాటికన్న పాతదైన ఐఫోన్ 5 59 కిలోల దాకా ఆగింది. అన్నిటికన్న చిత్రం ఏమంటే, శాంసంగ్ గెలాక్సీ నోట్ 3 అనే ఫోను 68 కిలోల దాకా నిలిచింది. దాని వెనుక మూత, పై చట్రం ప్లాస్టిక్‌వి! కాని దాని మందం 8.3 మిల్లీమీటర్లు.

చూశారా పిల్లలూ! ఎంత మందంగా ఉన్నది, ఎక్కడ కంతలు పెట్టారు, లోపల ఏ ఊతలు ఇచ్చారు అన్నవి చూడకుండా, "లోహం కనుక గట్టిది, ప్లాస్టిక్ కనుక నాసిది" అని తీర్పు చెప్పటం పొరపాటు.

మరుసటి ఏడు వచ్చిన ఐఫోన్ 6ఎస్‌కు కంపెనీవారు అల్యూమినియంనే వాడారు గాని, రకం మార్చారు. జింకు కలిపిన మరింత బలమైన మిశ్రమం వాడారు. మందం కూడా కొంచెం పెంచి 7.1 మిల్లీమీటర్లు చేశారు.

కింద పడినప్పుడు

ఇక చట్రానికి రెండవ పని చూద్దాం. మామిడిపండ్ల గంపలో ఎండుగడ్డి ఎందుకు వేస్తారో మీకు తెలుసు. దెబ్బ తగిలినప్పుడు గడ్డి అణిగి, పండును ఒక్కసారిగాక కొంచెం కొంచెంగా ఆపుతుంది. ఫోను విషయంలో ఇది ఎంత పెద్ద సంగతో ఒక చిన్న లెక్క వేద్దాం.

ఫోను బరువు 200 గ్రాములనుకోండి. మీ చేతిలోనుంచి జారి 1 మీటరు కిందికి పడింది. నేలకు తగిలాక అది 1 మిల్లీమీటరు దూరంలో ఆగిపోయిందనుకుందాం. 1 మీటరు అంటే 1000 మిల్లీమీటర్లు. అంతదూరం పోగుచేసుకున్న వేగమంతా 1 మిల్లీమీటరులో ఆగిపోవాలి. కనుక ఆ క్షణంలో నేల ఫోనును దాని బరువుకు సుమారు 1000 రెట్ల బలంతో ఎదుర్కొంటుంది. అంటే 200 కిలోలు! 25 కిలోల బియ్యం బస్తాలు ఎనిమిది! అదంతా ఒక్క మూలమీద!

అదే ఫోను 5 మిల్లీమీటర్ల దూరంలో ఆగితే? లెక్కవేయండి. 40 కిలోలే వస్తుంది. ఎనిమిది బస్తాల దెబ్బ రెండు బస్తాలకన్న తక్కువైంది. ఫోను మట్టినేలమీద పడితే బతకటమూ, గచ్చుమీద పడితే పగలటమూ ఇందుకే. మట్టి కొంచెం లొంగుతుంది. గచ్చు లొంగదు. నేల లొంగకపోతే ఫోనులో ఏదో ఒకటి లొంగాలి. చట్రం లొంగితే అద్దం బతుకుతుంది. చట్రం బొత్తిగా లొంగకపోతే ఆ దెబ్బ నేరుగా అద్దానికి చేరుతుంది.

ఇప్పుడు మన రాతిపలక దగ్గరకు మళ్ళీ వెళదాం. రాయి గట్టిదా, కర్ర గట్టిదా? రాయే గట్టిది. కర్రను గోటితో గిచ్చవచ్చు. అయినా రాతిని కాపాడింది కర్రే! అది మెత్తనిది కనుకనే మూల నలిగి, దెబ్బను తాను పుచ్చుకుని, రాతికి తగలనీయలేదు.

వంటింట్లో నాలుగు పాత్రలు

ఫోను చట్రాలకు వాడే పదార్థాలను చూడటానికి ప్రయోగశాలకు వెళ్ళనక్కరలేదు. వంటింట్లోకి వెళితే చాలు.

మొదటిది ప్లాస్టిక్ మగ్గు. కిందపడితే ఎగిరి పడుతుంది, మళ్ళీ మామూలే. ఫోన్లలో ఎక్కువగా వాడే ప్లాస్టిక్ పేరు పాలికార్బొనేటు. చాలా తేలిక. దెబ్బకు వంగి, మళ్ళీ తన ఆకారానికి వస్తుంది. రేడియో తరంగాలు దానిగుండా పోతాయి కనుక ఫోను మాటకు అడ్డురాదు. 2000లో వచ్చిన నోకియా 3310 ఫోను ఇప్పటికీ పెద్దవాళ్ళ కబుర్లలో వస్తూ ఉంటుంది. అది ప్లాస్టిక్‌దే. కిందపడితే మూత ఒకవైపు, బ్యాటరీ ఒకవైపు ఎగిరిపోయేవి. ఏరుకొచ్చి మళ్ళీ బిగిస్తే, ఏమీ ఎరగనట్టు పనిచేసేది! దానికి ఇప్పటివాటివలె ఒళ్ళంతా గాజు లేదు. దెబ్బలో కొంత మూత ఊడటానికే ఖర్చయ్యేది. అయితే ప్లాస్టిక్‌కు సొంత బిగువు తక్కువ. అందుకే ప్లాస్టిక్ ఫోన్లలో కూడా తెర వెనుక లోహపు రేకు అమర్చటం పరిపాటి.

రెండవది సిల్వరు గిన్నె. మనం సిల్వరు అనేది నిజానికి వెండి కాదు, అల్యూమినియం. తేలికగా ఉంటుంది. పడితే సొట్టపోతుంది. సొట్ట చూడటానికి బాగుండదు గాని, దెబ్బలో కొంత భాగాన్ని అది తినేసిందని అర్థం. దీనికి ఇంకొక సుగుణం ఉన్నది. ఇది వేడిని త్వరగా తీసుకుపోతుంది. సిల్వరు గరిటె కొస చెయ్యి కాలుస్తుంది. స్టీలు గరిటె అంత త్వరగా కాల్చదు. ఫోను వేడెక్కితే లోపలి బ్యాటరీ త్వరగా ముసలిదవుతుంది. కనుక వేడిని బయటికి పంపే చట్రం ఫోను ఆయుస్సును పెంచుతుంది.

మూడవది స్టీలు క్యారియరు. ఒకే కొలతకు స్టీలు అల్యూమినియంకన్న దాదాపు మూడు రెట్లు బిగువైనది. కాని బరువు కూడా దాదాపు మూడు రెట్లు! బరువైన ఫోను పడితే దెబ్బ కూడా బరువుగానే తగులుతుంది. 2017లో వచ్చిన ఐఫోన్ 10 మొదలు కొన్నేళ్ళు ఖరీదైన ఐఫోన్లకు స్టెయిన్‌లెస్ స్టీలు చట్రాలే వాడారు.

నాలుగవది మన వంటింట్లో కనిపించదు. దాని పేరు టైటానియం. 1791లో ఇంగ్లండులో విలియం గ్రెగర్ అనే మతగురువు, ఒక వాగులోని నల్ల ఇసుకను పరీక్షిస్తూ ఇందులో ఏదో తెలియని లోహం ఉన్నదని కనిపెట్టాడు. మన శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల ఇసుకలో మెరిసే నల్లటి రేణువులు మీరు చూసే ఉంటారు. వాటిలో ఇల్మనైటు అనే ఖనిజం ఉన్నది. అందులో ఉన్నది ఇనుమూ, ఈ టైటానియమే.

టైటానియం అల్యూమినియంకన్న ఒకటిన్నర రెట్లకు కొంచెం పైన బిగువైనది. బరువూ సరిగ్గా అంతే ఎక్కువ. అయితే దాని గొప్పేమిటి? కొంచెం వంగినా, వదిలిపెట్టగానే మళ్ళీ తిన్నగా నిలబడటం దాని గొప్ప. ఫోన్లకు వాడే టైటానియం మిశ్రమం, సాధారణ అల్యూమినియం మిశ్రమానికి సుమారు మూడు రెట్ల బలం పెట్టేవరకు శాశ్వతంగా వంపు తిరగదు. 2023లో ఐఫోన్ 15 ప్రో చట్రంలో స్టీలుకు బదులు టైటానియం వాడారు. అంతకుముందు ఏటి ఐఫోన్ 14 ప్రో 206 గ్రాములుంటే, ఇది 187 గ్రాములకు దిగింది. 2024లో శాంసంగ్ గెలాక్సీ ఎస్24 అల్ట్రాకు కూడా టైటానియం చట్రమే వచ్చింది. కాని టైటానియం వేడిని తీసుకుపోవటంలో చాలా మందకొడి. ఆ పనిలో అల్యూమినియం దానికన్న ఇరవై రెట్లకు పైగా మెరుగు.

ఇప్పుడొక తమాషా వినండి. 2025లో ఆపిల్ కంపెనీ ఒకేసారి రెండు ఖరీదైన ఫోన్లు తెచ్చింది. ఐఫోన్ ఎయిర్ అనేది 5.6 మిల్లీమీటర్ల మందమే. అంత పలుచని ఫోను వంగకుండా ఉండాలని దానికి టైటానియం పెట్టారు. ఐఫోన్ 17 ప్రో అనేదానికి మాత్రం టైటానియం తీసివేసి, మళ్ళీ అల్యూమినియం పెట్టారు! అది పెద్ద పెద్ద పనులు చేసి వేడెక్కే ఫోను గనుక, వేడిని పంపే చట్రం కావలసి వచ్చింది. 2014లో నగుబాటుపాలైన అల్యూమినియమే, పదకొండేళ్ళ తరువాత మందం పెంచుకుని, మెరుగైన మిశ్రమంగా పెద్దపీట ఎక్కింది. మరి, "టైటానియంను మించింది లేదు" అన్న దుకాణదారుకు ఇప్పుడు మీరేమని జవాబు చెబుతారు?

మీరు చేయగలిగింది

చట్రాన్ని తయారుచేసేది ఇంజనీర్లయినా, దానిని కాపాడేది మీరే. ఫోనును వెనుక జేబులో పెట్టుకుని కూర్చోవద్దు. మూలలు కొంచెం మందంగా, తెర అంచుకన్న కాస్త ఎత్తుగా ఉండే మెత్తని కవరు వేయమని నాన్నగారికి చెప్పండి. ఆ కవరే మన పలకకు కర్రచట్రం. ఆగే దూరాన్ని అది పెంచుతుందని మీకిప్పుడు లెక్కతో సహా తెలుసు.

ఫోను పడితే దాచిపెట్టవద్దు. ఇది అన్నిటికన్న ముఖ్యం. చట్రం వంగి ఉంటే, లోపలి లిథియం బ్యాటరీ కూడా నలిగి ఉండవచ్చు. బ్యాటరీలో పొరలు పొరలుగా ఉండే రేకుల మధ్య పలుచని తెర ఒకటి ఉంటుంది. అది చిరిగి రేకులు ఒకదానికొకటి తగిలితే ఒక్కసారిగా వేడెక్కి మంట లేవవచ్చు. అందుచేత వంగిన ఫోనును చేతులతో తిన్నగా చేయబోకండి. ఛార్జింగు పెట్టకండి. వెంటనే పెద్దవాళ్ళకు చెప్పండి. వాళ్ళు దానిని ఆపివేసి, బాగుచేసేవారికి చూపిస్తారు.

పెద్దలకు ఒక్క మాట. పిల్లవాడు భయంభయంగా వచ్చి, "ఫోను పడింది" అని నిజం చెప్పినప్పుడు ముందుగా కోప్పడకండి. కోప్పడితే రెండవసారి చెప్పడు. వంగిన ఫోను దిండుకింద దాగి ఉండటంకన్న, పగిలిన అద్దం మీ చేతికి రావటమే మేలు.

పిల్లలూ! ఈసారి ఇంట్లో ఎవరి ఫోనైనా పడితే, పెద్దవాళ్ళను అడిగి దాని మూలలు జాగ్రత్తగా చూడండి. సొట్ట ఎక్కడ పడింది? అద్దం ఎక్కడినుంచి చిట్లింది? సొట్టపడి అద్దం బతికిందా, సొట్ట లేకుండా అద్దం పోయిందా? కవరు ఉన్నదా, లేదా? ఒక కాగితంమీద రాసిపెట్టుకోండి. నలుగురైదుగురి ఫోన్లు చూసేసరికి, గట్టిది ఏదో, దేనికి గట్టిదో మీకే తెలిసిపోతుంది.